మిలాన్‌లో డిజైన్ చూడాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ దిగాలి

మిలాన్‌కి డిజైన్ కోసం వెళ్లేవాళ్లు పెద్ద మ్యూజియంతో మొదలెట్టొద్దని నా సలహా. అందరూ ముందు ట్రియెన్నాలే అనే పెద్ద డిజైన్ మ్యూజియంకే పరిగెడతారు. అక్కడ వరసగా నిలబెట్టిన కుర్చీల్ని దూరం నుంచి చూసి, పక్కనున్న చీటీ చదివి, సంవత్సరం చూసి ముందుకు నడుస్తాం, గంట తిరిగేసరికి ఏ కుర్చీ ఎవరిదో అంతా కలగాపులగం. కుర్చీ సంగతి కూర్చుంటేనే తెలుస్తుంది, దీపం సంగతి వెలిగిస్తేనే. ఆ పని చేసి చూపించే మనిషి ఉన్న చోటికి ముందు వెళ్లొస్తే, తర్వాత మ్యూజియంలో తాడు అవతల ఉన్న వస్తువుల్ని చూసే చూపే మారిపోతుంది.

అలాంటి చోటు అకిల్లే కాస్తిల్యోనీ స్టూడియో. 2002లో చనిపోయిన ఈ ఇటాలియన్ డిజైనర్ ఏళ్ల తరబడి పనిచేసిన గదులు, స్ఫోర్జా కోట ఎదురుగా. ఇప్పుడు ఒక ఫౌండేషన్ నడుపుతోంది. ఊరికే లోపలికి వెళ్లనివ్వరు, ముందే బుక్ చేసుకుని గైడుతో కలిసి వెళ్లాలి. అడ్రసు, టైమింగ్స్ వెళ్లేముందు వాళ్ల సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి, ఇలాంటి చిన్న సంస్థల విషయంలో అవి మారుతూ ఉంటాయి. బ్యాచ్ చిన్నది, ప్రశ్నలు అడగొచ్చు, గైడు వస్తువులు చేతిలోకి తీసుకుని మరీ చూపిస్తారు. నేను చూసినవాటిలో డబ్బుకి పూర్తి విలువ దక్కింది ఇక్కడే.

ఆర్కో దీపం సంగతే తీసుకోండి. 1962లో అకిల్లే, ఆయన అన్న పియెర్ జాకొమో కలిసి ఫ్లోస్ అనే దీపాల కంపెనీ కోసం చేశారు. ఫొటోల్లో చూస్తే డబ్బున్నవాళ్ల హాల్లో షోకు కోసం పెట్టుకునేదిలా ఉంటుంది. దగ్గర నిలబడితే కథ వేరు. సీలింగ్‌కి చిల్లు పెట్టకుండా భోజనం బల్ల మీద నడిమధ్యన వెలుతురు పడాలి, అదీ వాళ్ల లెక్క. అందుకే అంత పొడవు స్టీలు కమాను, అది ఒరిగిపోకుండా కింద పాలరాతి దిమ్మ, అది ఇంచుమించు 65 కిలోలు. మరి అంత బరువు జరిపేదెలా? దిమ్మలో ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది, అందులో చీపురు కర్ర దూర్చి చెరోవైపు పట్టుకుని ఇద్దరు ఎత్తేయొచ్చు. కాలికి తగిలితే దెబ్బ తగలకుండా దిమ్మ మూలలు చెక్కేశారు. అలంకారం కోసం అనిపించే ప్రతిదానికీ వెనక ఏదో ఒక ఇంటిపని అవసరం ఉంది, ఆ సంగతి గైడు నోటితో వింటుంటే మజాగా ఉంటుంది.

నాకు ఇంకా నచ్చింది ఒక స్విచ్. నిజంగానే, వైరు మధ్యలో ఉండే మామూలు స్విచ్, రోంపిత్రాత్తా అంటారు, 1968 నాటిది. ఒక వైపు చదునుగా, ఒక వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి చీకట్లో వేళ్లతో తడిమితే ఏ వైపు ఏదో తెలిసిపోతుంది, నొక్కితే టక్కుమని స్పష్టంగా శబ్దం. లక్షల్లో అమ్ముడుపోయింది, కొన్నవాళ్లలో దాదాపు ఎవరికీ అది ఎవరు డిజైన్ చేశారో తెలీదు. కాస్తిల్యోనీ బాగా గర్వంగా చెప్పుకున్న పని ఇదేనట. సైకిల్ సీటుని ఒక కడ్డీ మీద బిగించి, అడుగున గుండ్రటి దిమ్మ పెట్టిన సెల్లా స్టూలు కూడా చూడండి, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పూర్తిగా కూర్చోకుండా, నిలబడకుండా కాస్త ఆనుకోవడానికి చేశారు. పేరు పడ్డ డిజైనర్‌కి ఇంత సరదా ఏమిటో!

దీని తర్వాత గ్యాలరీలు. మొదట వయాలే లాన్చెత్తిలో ఉన్న నీలూఫర్ డిపో. టెహ్రాన్‌లో పుట్టిన నీనా యాషర్ 1979లో తివాచీలతో మొదలెట్టిన గ్యాలరీ ఇది, అసలు షాపు ఊరి నడిబొడ్డున వియా దెల్లా స్పీగాలో ఉంది, ఈ డిపో 2015లో తెరిచారు. ఒకప్పుడు వెండి సామాన్లు చేసిన ఫ్యాక్టరీ, ఇంచుమించు 1,500 చదరపు మీటర్లు. మధ్యలో ఖాళీ, చుట్టూ అంతస్తులుగా బాల్కనీలు, లా స్కాలా ఒపెరా హాలు గుర్తొచ్చేలా కట్టారు. పైనుంచి తొంగి చూస్తే కింద జియో పోంతీ, లీనా బో బార్దీ లాంటి పాతతరం డిజైనర్ల సామాను పక్కనే ఈ తరం వాళ్లు చేసిన దీపాలు, బల్లలు కనిపిస్తాయి. మ్యూజియంలో ఏ కాలానిది ఆ కాలం గదిలో పెడతారు, ఇక్కడ అరవై డెబ్బై ఏళ్ల నాటి కుర్చీ ముందు కొత్త బల్ల వేసి ఇల్లు సర్దినట్టు సర్దుతారు. దాంతో కొత్తదానిలో ఏది నిలుస్తుంది, ఏది ఫొటో కోసం చేసిందో మనకే తెలిసిపోతుంది. కొన్ని కొత్తవి ఆ పాతవాటి పక్కన తేలిపోయాయి, మొహమాటం లేకుండా చెప్పాలంటే. డబ్బు తీసుకోరు కానీ ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లిపోకుండా ముందే మెయిల్ పెట్టి అడగడం మంచిది. కొనేవాళ్లం కాదని మన బట్టలు చూస్తేనే తెలుస్తుంది, అయినా అడిగినవాటికి ఓపిగ్గా చెప్పారు.

అన్ని గ్యాలరీలూ ఇలా ఉంటాయనుకోకండి. బ్రెరా అనే పేట దగ్గర ఒక చోట, పేరు ఎందుకులెండి, నేను గుమ్మం దాటిన క్షణం నుంచి ఒకాయన రెండడుగుల వెనకే నడిచాడు, ఒక గాజు పళ్లెం గురించి అడిగితే ధర చెప్పి ఊరుకున్నాడు, ఎవరు చేశారన్న ప్రశ్నకి జవాబు లేదు. వియా మత్తేయో బందెల్లోలో ఉన్న రొస్సానా ఒర్లాందీ గ్యాలరీ మాత్రం హాయిగా ఉంటుంది, పాత టై ఫ్యాక్టరీలో 2002లో పెట్టింది, పెరట్లో తీగల పందిరి కింద కాసేపు కూర్చోవచ్చు. గదులు మరీ కిక్కిరిసి ఉంటాయి, ఏది అమ్మకానికో ఏది ఊరికే పెట్టిందో అర్థం కాదు, అదొక్కటే ఇబ్బంది.

ఇక మ్యూజియాలు. ఏడీఐ (ఇటలీ డిజైన్ సంఘం) వాళ్ల డిజైన్ మ్యూజియం 2021లో తెరిచారు, 1954 నుంచి ఇస్తున్న కొంపాస్సో దోరో అనే ఇటలీ డిజైన్ అవార్డు గెలిచిన వస్తువులు ఇక్కడ ఉంటాయి. ఒలివెత్తి లెత్తెరా 22 టైపు మిషన్, ఫియట్ 500 కారు సరే, నన్ను ఆపింది మాత్రం 1955లో అదే అవార్డు కొట్టిన కార్తెల్ కంపెనీ ప్లాస్టిక్ బకెట్. మనం పుట్టినప్పటి నుంచి నీళ్లు మోస్తున్న వస్తువుకి అవార్డా అని నవ్వొస్తుంది, రేకు బకెట్ల కాలంలో అది ఎంత తేలికగా, ఎంత రంగుగా వచ్చిందో ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. హాళ్లు విశాలంగా ఉంటాయి, బెంచీలు ఉన్నాయి. ఏ రోజు సెలవో చూసుకునే వెళ్లండి, ఇక్కడ సెలవు సోమవారం కాదు, శుక్రవారం. ట్రియెన్నాలేకి సోమవారం సెలవు. స్టూడియో చూశాక ట్రియెన్నాలేకి వెళ్తే అప్పుడు బాగానే ఉంటుంది, 1.7 కిలోల బరువుండే పోంతీ సూపర్‌లెజ్జేరా కుర్చీ ముందు కాసేపు ఆగండి. ఎత్తి చూడనిస్తే ఎంత బాగుండేదో.

ఊళ్లో తిరగడానికి ఇబ్బంది లేదు. మెట్రో, ట్రామ్ టికెట్ 2.20 యూరోలు, 90 నిమిషాలు చెల్లుతుంది, గేటు దగ్గర బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు. 1 నంబరు ట్రామ్ ఒక్కసారైనా ఎక్కండి, 1928 నాటి మోడల్ బళ్లు, చెక్క బెంచీలు, గాజు దీపాలతో ఇప్పటికీ రోజువారీ డ్యూటీలో ఉన్నాయి. ఏ గ్యాలరీలోనూ కూర్చోనివ్వని వింటేజ్ సీటు మీద 2.20 యూరోలకి కూర్చోవచ్చు.

బసకి కదోర్నా స్టేషన్ చుట్టుపక్కల చూసుకోండి. మల్పెన్సా ఎయిర్‌పోర్ట్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది, ట్రియెన్నాలే, కోట నడిచే దూరంలో ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్ సెంత్రాలే వైపు కాస్త చవక, కానీ రాత్రిపూట సామాన్లతో నాకు అంత ధైర్యంగా అనిపించలేదు. నేను దిగిన అద్దె గది ఫొటోల్లో డిజైన్ పత్రిక నుంచి తీసినట్టు ఉంది, తీరా వెళ్తే లిఫ్టులో సూట్‌కేసు, మనిషి కలిసి పట్టరు, బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకోదు, సిటీ ట్యాక్స్ వచ్చాక విడిగా కట్టమన్నారు. ఆ ట్యాక్స్ ఊరంతా మామూలే కానీ ముందే చెప్పొచ్చుగా. ఏప్రిల్‌లో సలోనే దెల్ మోబిలే ఫర్నిచర్ మేళా జరిగే వారం గ్యాలరీలు రాత్రిదాకా కళకళలాడతాయి, అయితే గది అద్దెలు ఆకాశాన్నంటుతాయి, క్యూల్లో కాళ్లు పీకేస్తాయి. వస్తువులు నింపాదిగా చూడాలనుకుంటే ఆ వారం వదిలేసి అక్టోబర్‌లో వెళ్లండి.