సబ్‌ఏజెంట్ ప్యాక్ కొంటున్నారా? ముందు ఆ ఫైళ్లలో టూల్స్ వరుస ఉందో లేదో చూడండి

‘వందమంది నిపుణులు ఒక్క క్లిక్‌తో మీ టీమ్‌లోకి’ అంటూ అమ్ముతున్న సబ్‌ఏజెంట్ ప్యాక్‌లతో జాగ్రత్త. సబ్‌ఏజెంట్ అంటే ప్రధాన ఏఐ ఏజెంట్ ఒక పనిని అప్పగించే సహాయక ఏజెంట్. బ్యాకెండ్ ఆర్కిటెక్ట్, సెక్యూరిటీ ఆడిటర్, టెస్ట్ రైటర్ అని పేర్లు ఘనంగానే ఉంటాయి. డబ్బు కట్టాక చేతికొచ్చేది ఒక జిప్ ఫైలు, దాన్నిండా మార్క్‌డౌన్ ఫైళ్లు. ఇందులో మోసమేమీ లేదు, సబ్‌ఏజెంట్ అంటేనే అంత. అసలు చిక్కు ఆ ఫైళ్లలో ఏం రాయకుండా వదిలేశారన్న దగ్గర ఉంది.

ఆంత్రోపిక్ సంస్థ కోడింగ్ ఏజెంట్ క్లాడ్ కోడ్‌నే తీసుకోండి. 2025 జులైలో ఇందులోకి సబ్‌ఏజెంట్లు వచ్చాయి. ఒక్కో సబ్‌ఏజెంట్‌కు ఒక్కో ఫైలు. పైన పేరు, వివరణ, టూల్స్ (ఫైలు చదవడం, కమాండ్ నడపడం లాంటి పనిముట్లు), మోడల్ అనే వరుసలు, వాటి కింద ప్రాంప్ట్. పేరు, వివరణ తప్పనిసరి. టూల్స్ వరుస రాయకపోయినా ఫైలు పనిచేస్తుంది, కాకపోతే ప్రధాన ఏజెంట్ చేతిలో ఉన్న టూల్స్ అన్నీ, ఎంసీపీ సర్వర్ల (ఏజెంట్‌ను డేటాబేస్ లాంటి బయటి సేవలకు కలిపేవి) నుంచి వచ్చేవాటితో సహా, ఈ సబ్‌ఏజెంట్‌కూ దక్కుతాయి. నాసిరకం ప్యాక్‌లలో ఈ వరుసే ఉండదు. అంటే ‘కోడ్ రివ్యూయర్’ అని పేరు పెట్టుకున్నది మీ ఫైళ్లను మార్చగలదు, షెల్ కమాండ్లు నడపగలదు, ఎంసీపీలో డేటాబేస్ కలిపి ఉంటే దాన్నీ ముట్టుకోగలదు. అనుమతి అడిగే ప్రశ్నలన్నీ ఆపేసి నడిపేవాళ్లకైతే మధ్యలో అడ్డే లేదు.

రివ్యూకు కావాల్సినవి రీడ్ (ఫైలు చదవడం), గ్రెప్ (ఫైళ్లలో మాట వెతకడం), గ్లాబ్ (పేరును బట్టి ఫైళ్లు వెతకడం), ఈ మూడే. గిట్ డిఫ్ (కోడ్‌లో ఏం మారిందో చూపేది) చూడాలి కదా అని కొందరు షెల్ కమాండ్లు నడిపే బాష్ కూడా చేరుస్తారు. బాష్ ఇచ్చాక ‘చదవడం మాత్రమే’ అన్న మాటకు అర్థం లేదు, బాష్‌తో ఫైలు రాయొచ్చు, చెరిపేయొచ్చు. డిఫ్‌ను మీరే ఒక ఫైల్లోకి తీసి, దాన్ని చదవమనడం మేలు.

తర్వాత చూడాల్సింది వివరణ వరుస. పనిని ఎవరికి అప్పగించాలో ప్రధాన ఏజెంట్ నిర్ణయించుకునేది దీన్ని బట్టే. అమ్మేవాళ్లు తమ ఏజెంట్ ఎక్కువసార్లు లేవాలని ప్రతి ఫైల్లోనూ ‘దీన్ని తప్పనిసరిగా వాడాలి’ అని రాసేస్తారు. అందరూ తప్పనిసరే అయితే ఎవరు లేస్తారో చెప్పలేం. బటన్ రంగు మార్చమంటే సెక్యూరిటీ ఆడిటర్ నిద్రలేచి రిపోజిటరీ మొత్తం చదివి వస్తుంది. పైగా ఈ వివరణలన్నీ ప్రధాన ఏజెంట్ కాంటెక్స్ట్‌లోకి (ఒక సెషన్‌లో అది గుర్తుంచుకోగల పరిమిత చోటులోకి) ఎక్కి కూర్చుంటాయి. వాడని 80 ఏజెంట్లకూ ప్రతి సెషన్‌లో చోటు కేటాయించినట్టే.

ఖర్చు సంగతి అమ్మకం పేజీలో కనబడదు. మామూలు చాట్‌తో పోలిస్తే మల్టీ ఏజెంట్ పద్ధతికి సుమారు 15 రెట్ల టోకెన్లు (మోడల్ వాడకాన్ని కొలిచే పాఠం ముక్కలు) పట్టాయని ఆంత్రోపిక్ 2025 జూన్‌లో తన పరిశోధన సిస్టమ్ గురించి రాస్తూ చెప్పింది. పరిశోధనతో పోలిస్తే కోడింగ్‌లో నిజంగా పక్కపక్కన నడపగల పనులు తక్కువేనని కూడా అక్కడే ఒప్పుకుంది. ఇక మోడల్ వరుసలో ప్రతిదానికీ ఓపస్ అని రాసిపెట్టిన ప్యాక్ అయితే, ఫైల్లో ఒక పేరు వెతకడానికి కూడా ఖరీదైన మోడలే పరిగెత్తుతుంది.

ఇప్పుడు అసలు దెబ్బ. సబ్‌ఏజెంట్‌కు కాంటెక్స్ట్ విడిగా ఉంటుంది. గంటసేపు మీరు ప్రధాన ఏజెంట్‌తో ఏం మాట్లాడుకున్నారో దానికి తెలియదు, అప్పగించేటప్పుడు రాసి పంపిన నాలుగు వాక్యాలే దాని లోకం. తిరిగొచ్చేటప్పుడూ చివరి నివేదిక ఒక్కటే వస్తుంది, దారిలో ఏం చేసిందో రాదు. అందుకే ప్యాక్‌లోని టెస్ట్ రైటర్ ‘టెస్టులన్నీ పాస్’ అని చెప్తే నమ్మకండి. కోడ్ తప్పుగా ఉన్నప్పుడు టెస్టులోని అసర్ట్‌ను (ఫలితం ఇలా ఉండాలని తనిఖీ చేసే వరుసను) ఆ తప్పుకు తగ్గట్టు దిద్దడం, కుదరకపోతే టెస్టును స్కిప్‌లో పెట్టడం వీటికి మామూలే. కంచే చేను మేసినట్టు! ప్రధాన ఏజెంట్ ఆ నివేదికను అలాగే మీకు అందిస్తుంది. టెస్టుల ఫోల్డర్ మీద గిట్ డిఫ్ చూసి, టెస్టులు మీ చేత్తో మీరే నడపండి.

‘బ్యాకెండ్, ఫ్రంటెండ్ ఏజెంట్లు ఒకేసారి పనిచేస్తాయి’ అన్న వీడియో చూసి కొనేవాళ్లు ఎక్కువ. ఎవరికి వారే యమునా తీరే. ఒకటి యూజర్ ఐడీని అంకెగా పంపితే రెండోది స్ట్రింగ్ అనుకుంటుంది, ఒకటి ఖాళీ జాబితా ఇస్తే రెండోది 404 (‘దొరకలేదు’ అనే ఎర్రర్) కోసం చూస్తుంది. వర్క్‌ట్రీలు (ఒకే రిపోజిటరీకి విడివిడి పని ఫోల్డర్లు) వాడితే ఒకే ఫైలును ఇద్దరూ తొక్కేయడం తప్పుతుంది కానీ నిర్ణయాల మధ్య పొసగనితనం అలాగే ఉంటుంది. ఏపీఐ ఒప్పందాన్ని (రెండు వైపుల మధ్య డేటా ఏ రూపంలో వెళ్లాలో) ముందే ఒక ఫైల్లో రాసి ఇద్దరికీ చదివించకపోతే కలిపి అతికించే పని మీ నెత్తినే.

సబ్‌ఏజెంట్లు పనికిరావని కాదు. వేల వరుసల లాగ్ చదివి పది వరుసల్లో కారణం చెప్పడం, పెద్ద కోడ్‌బేస్‌లో ఒక ఫంక్షన్‌ను ఎక్కడెక్కడ పిలుస్తున్నారో వెతకడం లాంటి పనులకు బ్రహ్మాండంగా ఉంటాయి. చెత్తంతా వాటి కాంటెక్స్ట్‌లో పడుతుంది, మీది శుభ్రంగా ఉంటుంది. దీనికి రెండు మూడు చాలు, ఒక్కోటి ముప్పై వరుసల్లో మీరే రాసుకోవచ్చు. ‘నువ్వు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఆర్కిటెక్ట్‌వి’ అన్న వాక్యం మీ ప్రాజెక్టు గురించి దానికి ఏమీ నేర్పదు. బిల్డ్ కమాండ్ ఏది, ఏ ఫోల్డర్ ముట్టుకోకూడదు, మైగ్రేషన్లు ఎలా రాస్తారు అన్నవి నేర్పుతాయి. అవి ఏ ప్యాక్‌లోనూ ఉండవు.

అయినా కొంటానంటే, డబ్బు కట్టకముందే ఏదైనా రెండు ఫైళ్లు పూర్తిగా చూపించమనండి. వాటిలో కాస్త వింతగా ఉన్న వాక్యం ఒకటి కాపీ చేసి కోట్స్‌లో పెట్టి వెతకండి. గిట్‌హబ్‌లో ఎంఐటీ లైసెన్స్‌తో ఉచితంగా దొరికే సేకరణలు చాలా ఉన్నాయి, వాటినే కొత్త జిప్‌లో కట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఎంఐటీ కింద అమ్ముకోవడం తప్పు కాదు, మూల కాపీరైట్ నోటీసు తీసేయడం తప్పు. నోటీసే తీసేసిన మనిషి రేపు అప్‌డేట్లు ఇస్తాడని ఆశపడకండి.

ఇన్‌స్టాలర్ స్క్రిప్ట్‌ను నెట్ నుంచి నేరుగా బాష్‌లోకి పైప్ చేయమంటే, అంటే చదవకుండానే నడపమంటే, చేయకండి. దించుకుని చదవండి. అది ఏజెంట్ల ఫోల్డర్ దాటి సెట్టింగ్స్ ఫైల్లో హుక్స్ రాస్తోందా, అనుమతుల జాబితాలో బాష్‌ను చేరుస్తోందా, ఎంసీపీ సర్వర్ కలుపుతోందా చూడండి. హుక్ అంటే మీ యూజర్ హక్కులతో దానంతటదే నడిచే కమాండ్. అదే పేరుతో మీరు రాసుకున్న ఏజెంట్ ఫైలు ఉంటే దాని మీద రాసేసే ప్రమాదమూ ఉంది, ముందు గిట్‌లో కమిట్ చేసుకోండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసినవాళ్లు ఏజెంట్ల ఫోల్డర్ తీసేసి ఊరుకోకండి. హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్, ప్రాజెక్టులోని సెట్టింగ్స్ రెండూ తెరిచి హుక్స్, అనుమతులు విడివిడిగా చూడండి. ఎంసీపీ సర్వర్ల జాబితా వేరే ఫైళ్లలో ఉంటుంది, హోమ్ ఫోల్డర్‌లోని .claude.json, ప్రాజెక్టులోని .mcp.json కూడా తెరిచి చూడండి. మీరు పెట్టనిది ఏదైనా కనబడితే తీసేయండి. అది నడిచిన కాలంలో ఎన్వ్ ఫైల్లో (ప్రాజెక్టు రహస్యాలు దాచే ఫైలు) ఉన్న కీలన్నీ రద్దు చేసి కొత్తవి తీసుకోండి, డేటాబేస్ పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టి.