లోలకం పాఠం టీచర్లకు ఎలా నేర్పాలి: పట్టిక ఇచ్చా, ప్రశ్న ఇచ్చా?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పే టీచర్ల శిక్షణలో లోలకానికి ఒక పూట దొరికిందనుకోండి. దాన్ని ఎలా వాడుకోవాలి? నేను మూడు రకాలుగా చేసి చూశాను. ఏం చేయాలో వరసగా రాసి, గళ్లు గీసిన పట్టిక చేతికిచ్చి చేయించడం ఒకటి. దారం, నట్లు, స్కేలు బల్ల మీద పెట్టి, ఒక్క ప్రశ్న అడిగి పక్కకు తప్పుకోవడం ఇంకొకటి. మూడోది సెల్‌ఫోన్‌లో సిమ్యులేషన్, అంటే తెర మీద బొమ్మగా ఊగే లోలకం. ఏ పద్ధతైనా సామాన్ల ఖర్చు ఆ పూట టీ ఖర్చుకన్నా తక్కువే. కాబట్టి డబ్బు మాట వదిలేద్దాం.

ముందు పట్టిక సంగతి. మీటరు దారానికి గుండు కట్టు, కొంచెం పక్కకు లాగి వదులు, 20 డోలనాలకు (ఒకసారి అటుపోయి ఇటు వస్తే ఒక డోలనం, అంటే ఒక ఊపు) పట్టిన కాలం చూడు, 20తో భాగించు. జవాబు 2 సెకన్లకు దగ్గరగా వస్తుంది. దారాన్ని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే 1 సెకను. పొడవు నాలుగో వంతైతే కాలం సగమైంది. నలభై నిమిషాల్లో అన్ని గ్రూపులకూ ఒకే జవాబు వస్తుంది, గోల ఉండదు, రిజిస్టరులో రాసుకోవడానికీ బాగుంటుంది. జీవశాస్త్రం చదువుకుని వచ్చి ఏడో తరగతిలో లోలకం చెప్పాల్సి వచ్చిన టీచర్లకు ఇది కొండంత ధైర్యం. ఆ మేలును నేను తక్కువ చేయను.

కానీ ఆఖర్లో "ఇరవయ్యే ఎందుకు, ఒక్క ఊపుకే టైమ్ చూడొచ్చుగా?" అని అడిగితే గదంతా నిశ్శబ్దం. ఒకసారి ముందు బెంచీలోని మాస్టారు "బుక్కులో ఇరవై అనే ఉంది కదండీ" అన్నారు. ఆయన తప్పేం లేదు, పట్టిక ఆయన్ని ఆ ప్రశ్న దాకా వెళ్లనివ్వలేదు, అంతే. స్టాప్‌వాచ్ నొక్కే వేలు ఐదో వంతు సెకను అటూ ఇటూ అవుతుంది. సెకను పట్టే ఒక్క ఊపులో అది 20 శాతం తప్పు. ఇరవై ఊపుల మీద పరిస్తే 1 శాతం. ఎవరూ చెప్పకుండా రెండుసార్లు ఒక్కొక్క ఊపుకే టైమ్ తీసి, ఒకసారి 0.8, ఇంకోసారి 1.2 వచ్చి, ఇద్దరు టీచర్లు "నువ్వు లేటుగా నొక్కావ్" అని వాదులాడుకున్నాకే ఆ ఇరవైకి అర్థం వస్తుంది.

ఇక ప్రశ్న ఇచ్చి వదిలేసే పద్ధతి. దీనికి ప్రశ్నలో మాట చాలా ముఖ్యం. మొదటిసారి నేను "ఊగే వేగం దేన్నిబట్టి మారుతుంది?" అని అడిగి దెబ్బతిన్నాను. ఎక్కువ పక్కకు లాగి వదిలితే గుండు నిజంగానే జోరుగా పోతుంది. దారి ఎక్కువ కాబట్టి టైమ్ మాత్రం దాదాపు అంతే. సగంమంది వేగం కొలవడానికి అవస్థలు పడి అరగంట పోగొట్టుకున్నారు. ఇప్పుడైతే "ఒకసారి అటుపోయి ఇటు రావడానికి పట్టే టైమ్" అనే అడుగుతాను.

టీచర్లతో వచ్చే చిక్కు, వాళ్లకు జవాబు ముందే తెలుసు. "పొడవు మీదే ఆధారపడుతుంది, బరువుతో, కోణంతో పనిలేదు" అని ఎక్కాల్లా అప్పజెప్తారు. అందుకని, బరువైన గుండు గబగబా ఊగుతుందని మంకుపట్టు పట్టిన ఏడో తరగతి పిల్లాడిలా నేనే వాదిస్తాను. వాణ్ని ఒప్పించాలంటే దేన్ని మార్చాలి, దేన్ని కదలకుండా ఉంచాలి అని వాళ్లే తేల్చుకోవాలి. అప్పుడు రెండు గోతులు ఎదురవుతాయి. రెండిట్లోనూ ఎవరో ఒకరు పడతారు, పడాలి కూడా.

మొదటిది నట్ల గొలుసు. ఒక గ్రూపులోని మేడమ్ బెంచీ అంచున పెన్సిల్‌ను టేపుతో అంటించి, 25 సెంటీమీటర్ల దారానికి ఒక నట్టు కట్టారు. ఇరవై ఊపులకు 20.4 సెకన్లు. బరువు పెంచడానికి దాని కిందే ఇంకోటి, దాని కింద మూడోది కట్టారు. ఈసారి 21.2. మళ్లీ చేశారు, మళ్లీ అంతే. "మాస్టారూ, బరువు పెరిగితే టైమ్ కూడా పెరుగుతోందే! బుక్కు తప్పా?" అన్నారు, గొంతు తగ్గించి. ఎక్కడ పట్టుబడతామోనన్న టెన్షన్ అది. పక్క గ్రూపువాళ్లేమో మూడు నట్లనూ ఒకే ముడిలో గుత్తిగా కట్టారు, వాళ్లకు ఏ తేడా రాలేదు. రెండింటినీ పక్కపక్కన వేలాడదీసి చూడమన్నాను. కాసేపటికి మేడమే స్కేలు తీసి, పెన్సిల్ నుంచి నట్ల మధ్యదాకా కొలిచారు. 26 సెంటీమీటర్లు ఉండాల్సింది 28 అయింది. బరువు మారుస్తున్నామనుకుని పొడవు కూడా మార్చేశారు. చరరాశుల నియంత్రణ (ఒకదాన్ని మార్చేటప్పుడు మిగతావి మారకుండా చూడటం) అనే మాటను బోర్డు మీద పదిసార్లు రాసినా, ఆ 2 సెంటీమీటర్లు చెప్పినంత చెప్పలేదు. పట్టిక పద్ధతిలో ఈ గొయ్యిని మనమే ముందుగా పూడ్చేస్తాం.

రెండోది కోణం. 10 డిగ్రీలకు లాగితే 20.1 సెకన్లు, 60 డిగ్రీలకు లాగితే దాదాపు సెకను ఎక్కువ. "కోణంతో పనిలేదు" అని ముందే రాసిపెట్టుకున్న ఒక మాస్టారు, నేను చూస్తుండగానే రబ్బరు తీసుకుని 21.2ను చెరిపి 20.2 చేశారు. నిజానికి ఆయన చూసిందే సరైనది. కోణంతో పనిలేదన్నది చిన్న కోణాలకే చెల్లుతుంది. 10 డిగ్రీల దగ్గర తేడా ఐదొందల్లో ఒక వంతు కూడా ఉండదు, 30 దగ్గర 2 శాతంలోపే, 60 దగ్గర 7 శాతం దాటుతుంది. ఊగుతూ ఊగుతూ కోణం తగ్గిపోతుంది కాబట్టి ఇరవై ఊపుల్లో అంతకన్నా కొంచెం తక్కువే కనిపిస్తుంది. పెద్ద ఊపుకీ చిన్న ఊపుకీ ఒకే కాలమని గెలీలియో కూడా నమ్మాడు, 1602లో గ్విడోబాల్డో డెల్ మోంటే అనే ఇటలీ గణితజ్ఞుడికి రాసిన ఉత్తరంలో దానికోసమే వాదించాడు. ఆ మాట పూర్తిగా నిలవదని తర్వాత డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ తేల్చాడు. ఇది చెప్పగానే ఆ మాస్టారు చెరిపిన అంకెను మళ్లీ రాసి, చుట్టూ సున్నా చుట్టారు.

లెక్కపెట్టడంలో ఒక చిన్న తకరారు ఉంది. గుండు వదలగానే "ఒకటి" అంటే మిగిలేవి పందొమ్మిదే. వదిలేటప్పుడు "సున్నా" అనాలి. దీనికి ఉపన్యాసం అక్కర్లేదు, రెండు గ్రూపుల అంకెలు పక్కపక్కన రాస్తే చాలు.

ప్రశ్న పద్ధతికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండున్నర గంటలకు తక్కువైతే సగంలో తెగిపోతుంది, మొత్తం గందరగోళంతో ఇంటికి పోతారు. ఒకసారి నాకు అలాగే జరిగింది. మధ్యాహ్నం భోజనాలు ముందుకు జరిపారు, నట్ల గొలుసు తప్పు బయటపడకుండానే గది ఖాళీ అయింది. ఆ రోజు వచ్చిన పాతికమందిలో ఎంతమంది "బరువు పెరిగితే టైమ్ పెరుగుతుంది" అని నమ్మి వెళ్లారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దానికన్నా పట్టికే నయం.

సిమ్యులేషన్ మాట క్లుప్తంగా. కొలరాడో విశ్వవిద్యాలయంవారి ఫెట్ (PhET) వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, చక్కగా పనిచేస్తుంది. చంద్రుడి మీద మీటరు లోలకం దాదాపు 5 సెకన్లకోసారి ఊగడం చూపించాలంటే మనకు వేరే దారి లేదు. కానీ అందులో ముడి జారదు, పెన్సిల్ ఊగదు, బరువు మీటను జరిపితే పొడవు మారదు. ప్రయోగాన్ని రూపొందించడం నేర్పాలనుకునే పూట, పాడుకావడానికి వీల్లేని వస్తువును ముందే ఇస్తే ఏం లాభం? నేనైతే చివరి పావుగంటకే ఉంచుతాను.

కాబట్టి పూటంతా చేతిలో ఉంటే ప్రశ్నే ఇవ్వండి, నట్లు గుత్తిగా కట్టమని మాత్రం ముందే చెప్పకండి. ముప్పావు గంటే ఉంటే పట్టిక ఇవ్వండి, కానీ గళ్ల మీద శీర్షికలు రాయకుండా. "ఈ గడిలో ఏం రాయాలి, ఏది మార్చాలి, ఏది మార్చకూడదు" అన్నది వాళ్లనే నింపమనండి. అదే టీచరు తన తరగతికి వెళ్లాక మాత్రం ఈ మధ్యదారే నడుస్తుంది. యాభైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్, ఒకే స్టాప్‌వాచ్. ఆరో తరగతైతే ఇరవై ఊపుల కాలం కూడా వద్దు. టీచరు గోడ గడియారం చూసి "మొదలు", "ఆపు" అంటారు, ఆ 15 సెకన్లలో ఎన్ని ఊపులో పిల్లలు లెక్కపెడతారు. ఊపుల లెక్క వరసలో లోలకాలను గోడకు కొట్టిన తాడు మీద వేలాడదీస్తే, పొట్టివి ఒక కొసనా పొడుగువి ఇంకో కొసనా చేరి గ్రాఫు దానంతటదే కనిపిస్తుంది. లెక్క అంత సన్నంగా ఉండదు, నట్ల గొలుసు తేడా అందులో దొరక్కపోవచ్చు. టీచర్ల శిక్షణలో మాత్రం ఇరవై ఊపులే.

నట్లన్నీ ఒకే సైజువి కొనండి. అల్లికలకు వాడే దారమైతే సాగుతుంది, టైలర్లు వాడే గట్టి దారం తీసుకోండి.