పెన్ను ఫోన్‌లో తెలుగు చేతిరాత: నాలుగేళ్లు వాడాక

పెన్ను లోపలే దాచుకునే పెద్ద ఫోన్ ఒకటి నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఒకే పని కోసం కొన్నాను. కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో తిరుగుతూ పాత రైతులు చెప్పే పనిముట్ల పేర్లు, విత్తనాల పేర్లు రాసుకుంటుంటాను. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కీబోర్డు మీద వత్తులు వెతుక్కుంటూ కూర్చోలేం. మైకుతో రాయిద్దామంటే ఆయన చెప్పిన మాటను ఆయన ముందే మళ్లీ ఫోన్‌కి అప్పజెప్పాలి, అది బాగుండదు. కాగితం మీద రాసినట్టే రాయాలి, అది అచ్చు అక్షరాలుగా మారాలి. నాకు కావలసింది అంతే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పేవి పెన్నుతో రాసే ఏ ఫోన్‌కైనా, ట్యాబ్‌కైనా పనికొస్తాయి.

మొదటి నెల చాలా కష్టమైంది. "అమ్మ" అని రాస్తే "అమ" పడి, కింద రాసిన మ వత్తు విడిగా ఇంకేదో అక్షరం అయ్యేది. నాగలి కర్రు "కర్ర" అయ్యేది. ఒకరోజు వరసకు పెదనాయన అయ్యే రైతు ఒకాయన, చాళ్లలో విత్తనాలు వేసే గొర్రు గురించి చెబుతూ "జడ్డిగం" అన్నాడు. విత్తనాలు పోసే చెక్క గిన్నె అది. దాని అడుగున ఉన్న బెజ్జాల్లోంచి గొట్టాల గుండా గింజలు చాళ్లలోకి దిగుతాయి. తెర మీద మాత్రం "జగడం" అని పడింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "జగడం కాదు నాయనా, జడ్డిగం. సరిగ్గా రాసుకో, ఈ పేర్లు తెలిసినోళ్లం కొద్దిమందిమే మిగిలాం" అన్నాడు. దీన్ని ఎలాగైనా దారికి తెచ్చుకోవాలని ఆరోజే పట్టు పట్టాను.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఒక చిన్న సెట్టింగ్. పెన్ను ఎత్తిన ఎంతసేపటికి రాతను అక్షరంగా మార్చాలి అన్నది అందులో ఉంటుంది. నా ఫోన్‌లో అది బాగా తక్కువగా ఉంది. ఇంగ్లిష్‌కి అది సరిపోతుందేమో గానీ తెలుగుకి చాలదు. "స్త్రీ" అని రాయాలంటే ముందు స, దాని మీద గుడిదీర్ఘం, కింద త వత్తు, ఆ తర్వాత క్రావడి. పెన్ను మూడు నాలుగు సార్లు లేస్తుంది. త వత్తు రాసేలోపే ఫోన్ "సీ" అని తేల్చేసి కూర్చుంటే ఆ వత్తు దిక్కులేనిదవుతుంది. ఆ గడువు పెంచిన రోజే సగం తప్పులు పోయాయి.

దీని వెనక కారణం తెలిశాక నా చెయ్యి కూడా మారింది. రాస్తున్నప్పుడు ఫోన్ మన అక్షరాన్ని ఫొటోలా చూడదు. పెన్ను ఎక్కడ దిగింది, ఎటు తిరిగింది, ఎప్పుడు లేచింది అన్న చుక్కల వరుసను చూస్తుంది. పైగా మనం గుడిదీర్ఘం ముందు పెట్టి వత్తులు తర్వాత రాస్తాం కదా, ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలను దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌లో హల్లులన్నీ ముందు వచ్చి అచ్చు గుర్తు చివర వస్తుంది. ఆ సర్దుబాటంతా అదే చేసుకోవాలి. కాబట్టి ఒకే అక్షరాన్ని ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా మొదలుపెట్టకుండా, ఎప్పుడూ ఒకే వరుసలో రాయడం అలవాటు చేసుకున్నాను. పదం అంతా రాసేసి, మళ్లీ వెనక్కి వెళ్లి ధ అడుగున గీత పెట్టడం మానేశాను. ఆ అక్షరం దగ్గరే పెట్టి ముందుకెళితే "ద"గా చదవడం బాగా తగ్గింది.

తెర మీద రాసే పెట్టె ఎత్తు కూడా పెంచండి. తెలుగుకి కింద వత్తుల చోటు కావాలి. పెట్టె అడుగంచుకి ఆనించి రాస్తే వత్తు సగం తెగిపోతుంది.

ఇక పదం మొత్తం రాయాలా, అక్షరం అక్షరం రాయాలా అన్నది. పలక మీద దిద్దినట్టు ఒక్కో అక్షరం పొందిగ్గా రాస్తే మేలనుకున్నాను. అది పొరపాటు. విడి అక్షరంలో మ ఏదో, వు ఏదో దానికి తేల్చుకోవడం కష్టం. పదం మొత్తం ఉంటే ముందూ వెనకా చూసి తనకు తెలిసిన మాటల్లోంచి తేల్చుకుంటుంది. "మామిడి", "పొలం", "వర్షం" లాంటివి గబగబా గీసినా సరిగ్గానే వస్తాయి. కానీ జడ్డిగం లాంటి మాట దాని నిఘంటువులో లేదు. అందుకే దగ్గరగా ఉన్న తెలిసిన మాటలోకి లాగేస్తుంది. అలాంటి మాటలను ముక్కలుగా రాస్తాను: "జ", ఆగి "డ్డి", ఆగి "గం". ఒకసారి సరిగ్గా పడ్డాక వ్యక్తిగత నిఘంటువులో చేరుస్తాను. మేడి, కర్రు, గుంటక, ములుగర్ర అన్నీ అలా చేర్చినవే. ఇప్పుడు వాటిని మామూలు మాటల్లాగే చదువుతోంది.

ఇలా యంత్రానికి తగ్గట్టు చెయ్యి మార్చుకోవడం కొత్తేమీ కాదు. 1993లో ఆపిల్ తెచ్చిన న్యూటన్ అనే చేతి కంప్యూటర్ మనిషి రాతను ఉన్నదున్నట్టు చదవాలని చూసి మొదట్లో నవ్వులపాలైంది. 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే ఇంకో చేతి కంప్యూటర్ దానికి ఎదురు దారి పట్టింది. గ్రాఫిటీ పేరుతో దాదాపు ప్రతి ఇంగ్లిష్ అక్షరాన్నీ ఒకే గీతకు కుదించింది. "ఎ"కి అడ్డగీత కూడా ఉండదు. దాన్ని మనిషే నేర్చుకోవాలి. జనం నేర్చుకున్నారు కూడా. వత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగుని అలా ఒక్క గీతలో పెట్టలేం గానీ, యంత్రం కోసం చేతిని కాస్త మార్చుకుంటే ఎంత లాభమో నాకు ఆ కథ వల్లే అర్థమైంది. ఆ పామ్ వాడినవాళ్లు రాసే చోట స్కాచ్ టేపు అంటించుకునేవారు. గీతలు పడవు, పెన్ను జారదు. నేనూ నున్నటి గాజు గార్డు తీసేసి గరుకు ఫిల్మ్ వేయించాను. గుడి చుట్టేటప్పుడు పెన్ను జారిపోయి గుడిదీర్ఘం అయిపోవడం దాంతో ఆగింది. తెర మెరుపు కొంచెం తగ్గింది, నాకు పరవాలేదు. పెన్ను మొన అరిగితే మార్చడం మాత్రం మరవకండి.

పల్లెలకు వెళ్లేవాళ్లు కీబోర్డు తెలుగు చేతిరాతను చదవడానికి కావలసిన తెలుగు ప్యాక్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కొన్ని కీబోర్డులు నెట్ లేకపోతే తెలుగు రాతను అసలు చదవవు.

ఇంకా తేలని ఇబ్బందులు ఉన్నాయి. ఇంగ్లిష్ కూడా ఆన్‌లో ఉంటే విడిగా రాసిన సున్నను అంకె 0 గానో ఇంగ్లిష్ "ఓ" గానో చదువుతుంది. అందుకే రాసేటప్పుడు తెలుగు ఒక్కటే ఉంచుతాను. వట్రుసుడి నా చేతిలో ఇప్పటికీ సగం సార్లు క్రావడే అవుతోంది. "కృష్ణ" అని రాయాల్సి వస్తే ఆ ఒక్క అక్షరానికి కీబోర్డే వాడుతున్నాను. అన్నిటికంటే ముఖ్యం, నా రాతను అచ్చుగా మార్చాక కూడా అసలు గీతల పేజీని చెరిపేయను. మొదటి నెలలో చెరిపేసిన పేజీల్లో ఒక గొర్రు భాగం పేరు "పలక" అని మిగిలిపోయింది. ఆ పెద్దాయన చెప్పింది అది కాదని గుర్తుంది, ఏం చెప్పాడో గుర్తులేదు. వచ్చే దుక్కుల కాలంలో మళ్లీ ఆ ఊరెళ్లి అడగాలి.