హన్మకొండ కౌంటర్లలో హెచ్‌డీఎంఐ పోర్టు మార్పు: చెయ్యి మంచిదే, మీటరే పట్టరు

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల, ఇటు వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ఉన్న మొబైల్ రిపేర్ కౌంటర్లకు ఫోన్లే కాదు, ఆండ్రాయిడ్ టీవీ బాక్సులు, గేమ్ కన్సోళ్లు, ఇంజినీరింగ్ పిల్లల రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) కూడా వస్తుంటాయి. లైటు వెలుగుతది, ఫ్యాను తిరుగుతది, టీవీలో మాత్రం "నో సిగ్నల్". ఈ రివ్యూ ఏ ఒక్క షాపు గురించీ కాదు, ఆ కౌంటర్లలో జరిగే హెచ్‌డీఎంఐ పోర్టు (టీవీకి బొమ్మ, సౌండు పంపే కేబుల్ గుచ్చే చోటు) మార్పు పని గురించి. తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుళువు: కేబుల్ లాగి విరిగిన పోర్టుకు, ఊగులాడే పోర్టుకు ఈ పని బేషుగ్గా ఉంటుంది. ఉరుములు మెరుపుల రాత్రి తర్వాత బొమ్మ పోయిన పెట్టెకు పోర్టు మార్పిస్తే మాత్రం డబ్బులు దండగయ్యే అవకాశమే ఎక్కువ.

ముందు చేతిపని సంగతి. మామూలు సైజు హెచ్‌డీఎంఐ పోర్టుకు 19 పిన్నులు. బోర్డు మీద పిన్నుకూ పిన్నుకూ మధ్య అర మిల్లీమీటరే. కానీ కష్టం పిన్నుల దగ్గర కాదు, పోర్టు రేకు కాళ్ల దగ్గర. నాలుగు కాళ్లూ బోర్డులోంచి కిందికి దిగి గ్రౌండ్ రాగి పొరకు (కరెంటు తిరిగి వెళ్లే దారి) అతుక్కుని ఉంటాయి. ఆ రాగి వేడినంతా గుంజేసుకుంటది. పైన పిన్నుల సోల్డర్ (అతికే లోహం) కరిగినట్టు కనిపిస్తుంది, కింద కాళ్లు మాత్రం గట్టిగానే ఉంటాయి. ఆ క్షణంలో ట్వీజర్‌తో లాగితే పోర్టుతో పాటు ప్యాడ్లు (పిన్నులు అతికే రాగి బిళ్లలు) కూడా లేచి వస్తాయి. పాడైపోయిన బోర్డుల్లో చాలావాటికి కారణం ఈ తొందరే.

మంచి చెయ్యి ఉన్నవాళ్లు చేసే పద్ధతి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సాకెట్లకు హీట్ టేప్ చుడతారు. కంపెనీ వేసిన సీసం లేని సోల్డర్ దాదాపు 217 డిగ్రీలకు గానీ కరగదు కాబట్టి, కాళ్ల దగ్గర ముందుగా ఐరన్‌తో 63/37 సోల్డర్ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) కలుపుతారు. అది 183 డిగ్రీలకే కరుగుతుంది, కలిశాక కరిగే వేడి దిగివస్తుంది. బోర్డును కింది నుంచి ప్రీహీటర్ మీద 120 నుంచి 150 డిగ్రీల దాకా వేడెక్కిస్తారు. అప్పుడు పైనుంచి వేడిగాలి బ్లోయర్‌ను 350–380 మధ్య పెట్టి, గాలిని కాళ్ల మీదికే తిప్పుతూ ఉంటారు. పోర్టును లాగరు, ట్వీజర్ కొనతో కొంచెం తట్టి చూస్తారు. అది దానంతటదే కదిలితేనే ఎత్తుతారు. తర్వాత విక్‌తో (సోల్డర్‌ను పీల్చే రాగి అల్లిక) ప్యాడ్లు చదును చేయడం, కాళ్ల రంధ్రాలు ఖాళీ చేయడం, ఐపీఏతో (ఒక రకం ఆల్కహాల్) కడగడం. కొత్త పోర్టు పెట్టేటప్పుడు ముందు ఒక మూల కాలు మాత్రమే అతికి, పోర్టు బాక్సు కిటికీకి సరిగ్గా కూర్చుందో లేదో బాడీ పెట్టి చూసుకుని, ఆ తర్వాతే మిగతా కాళ్లు, చివరికి సోల్డర్ బాగా పట్టేందుకు ఫ్లక్స్ పేస్ట్ రాసి పిన్నులు.

ప్రీహీటర్ లేని కౌంటర్లో బిస్మత్ కలిసిన సోల్డర్ వాడుతుంటారు. 138 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పోర్టు వెన్నలా వచ్చేస్తది. తప్పేం కాదు. కానీ ఆ సోల్డర్‌ను పూర్తిగా తుడిచెయ్యకుండా దాని మీదే కొత్త పోర్టు అతికిస్తే అతుకు పెళుసుగా ఉంటుంది, రెండు మూడుసార్లు కేబుల్ గుంజేసరికి కాళ్ల దగ్గర చీలుతుంది. "తీసిన సోల్డర్ అంతా విక్‌తో లాగేసినవా అన్నా?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పెట్టె చేతికి వచ్చాక ఫోను కెమెరా జూమ్ చేసి పోర్టు లోపలికి ఒకసారి చూడండి. మధ్యలోని నల్ల ప్లాస్టిక్ నాలుక తిన్నగా ఉండాలి. వేడి ఎక్కువైతే అది వంగుతుంది, పిన్నులు ప్లాస్టిక్‌లోకి దిగబడతాయి. అలాంటి పోర్టులో కేబుల్ దూరుతుంది, పిన్ను మాత్రం తగలదు. ఈ ఒక్క లోపం తప్ప, టంకం పనిలో మన కౌంటర్లకు పేరు పెట్టాల్సిన పని లేదు. ఫోన్ల చార్జింగ్ పోర్టులు మార్చీ మార్చీ అలవాటైన చేతులు.

తేడా కొట్టేది రోగం గుర్తు పట్టడంలో. కౌంటర్ మీద మాట ఇట్లా నడుస్తుంది:

"అన్నా, బొమ్మ వస్తలేదు. పోర్టు మార్చాల్నా?"

"పోర్టే పోయింది. మార్చేస్తే అయిపోతది. సాయంత్రం రా."

మీటరు (మల్టీమీటర్) ఎక్కడా బయటికి రాలేదు. పోర్టు కళ్లకు బాగానే ఉన్నా, ఊపితే కదలకపోయినా మార్పే మందు. నిజానికి ఏ పిన్ను పోతే ఏమవుతుందో తెలిస్తే సగం సంగతి ఇంట్లోనే తేలుతుంది. 1 నుంచి 12 దాకా పిన్నులు బొమ్మను మోసే మూడు జతలు, వాటికి తాళం వేసే క్లాక్ జత ఒకటి, వాటి షీల్డులు (గ్రౌండ్‌కు కలిసిన పిన్నులు). 15, 16 టీవీతో మాట్లాడుకునే లైన్లు. 17 గ్రౌండ్. 18లో బాక్సు ఇచ్చే 5 వోల్టులు. 19 "టీవీ తగిలింది" అని చెప్పే హాట్ ప్లగ్. 18 గానీ 19 గానీ పోతే చాలావరకు బొమ్మ అసలే రాదు. తెరమీద మెరుపు చుక్కలు, రంగు తేడా, అప్పుడప్పుడూ నల్లగా ఆరిపోవడం ఉంటే బొమ్మ జతల్లో ఏదో ఒకటి సరిగా తగలడం లేదు. హోం స్క్రీన్ బాగానే వచ్చి, సినిమా యాప్ తెరిస్తే నల్ల తెర వచ్చినా, రిజల్యూషన్ తక్కువకే అతుక్కుపోయినా 15, 16 మీద అనుమానం పెట్టాలి. కాపీ రక్షణ మాటామంతీ, టీవీ తన వివరాలు పంపడం ఆ రెండింటి మీదే జరుగుతాయి. కేబుల్ పట్టుకుని కొంచెం పైకెత్తితే బొమ్మ వచ్చి, వదిలితే పోతుందా? అది చాలావరకు టంకం చీలిన పోర్టే, నిశ్చింతగా కౌంటర్‌కు ఇచ్చేయండి.

మీటరుతో చేసే పరీక్షకు పది నిమిషాలు చాలు. కరెంటు తీసేసి, కేబుల్ పీకేసి, మీటరును డయోడ్ మోడ్‌లో (డయోడ్ గుర్తు ఉన్న సెట్టింగు) పెట్టి, ఎర్ర ప్రోబు (మీటరు వైరు మొన) గ్రౌండ్‌కు, నల్ల ప్రోబు ఒక్కో పిన్నుకు. 1, 3, 4, 6, 7, 9, 10, 12 పిన్నుల్లో అన్నింటికీ దాదాపు ఒకే అంకె రావాలి. 2, 5, 8, 11, 17 గ్రౌండ్‌కు బీప్ కొట్టాలి. ఎనిమిదింటిలో ఏదో ఒకటి మాత్రం "ఓఎల్" (దారి తెగిందని అర్థం) చూపిస్తే ఆ దారిలో అతుకు గానీ ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) గానీ తెగింది, పోర్టు పనితో బాగవుతుంది. ఒకటి సున్నాకు దగ్గరగా పడిపోతే షార్టింగ్. అది పోర్టు పిన్నుల మధ్య సోల్డర్ కావచ్చు, పక్కనున్న చిన్న ఈఎస్డీ చిప్ (స్టాటిక్ దెబ్బ నుంచి కాపాడేది) కావచ్చు, అన్నిటికంటే చెడ్డది ప్రాసెసర్ లోపలే కావచ్చు. ఈఎస్డీ చిప్ తీసేసి మళ్లీ కొలిస్తే అంకె మామూలుకు వచ్చిందంటే బాక్సు బతికినట్టే. రాకపోతే కొత్త పోర్టు పెట్టినా బొమ్మ రాదు. ఆ తర్వాత బాక్సు ఆన్ చేసి 18వ పిన్ను దగ్గర 5 వోల్టులు ఉన్నాయా చూడాలి. లేకపోతే ఆ దారిలోని చిన్న డయోడో ఫ్యూజో పోయి ఉంటుంది. రూపాయల్లో పోయే భాగానికి పోర్టు మొత్తం పీకించుకోవడం ఎందుకు?

పిడుగు పడ్డ పెట్టెల మీద అంత నిరాశ ఎందుకంటే, ఆ దెబ్బ పోర్టు దగ్గర ఆగదు. కేబుల్ టీవీ వైరు బయట స్తంభాల మీదుగా వస్తుంది. దాని మీదికి వచ్చిన వోల్టేజీ టీవీ రేకులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లోకి, బాక్సు ప్రాసెసర్‌లోకి పోతుంది. పోర్టు ఆ దారిలో ఒక తలుపు మాత్రమే. ఎండాకాలం చివర్లో గాలిదుమారం లేచినప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ఆ టీవీ వైరు కూడా పీకాలి.

వాన లేకున్నా పోర్టులు చచ్చేది ఇంకో రకంగా. రెండు పిన్నుల అడాప్టర్‌కు ఎర్తింగ్ ఉండదు. లోపలి చిన్న కెపాసిటర్ గుండా బాక్సు రేకు మీదికి సగం మెయిన్స్ దాకా వోల్టేజీ ఎక్కి ఉంటుంది, చెయ్యి ఆనిస్తే సుర్రుమనేది అదే. కరెంటు చాలా తక్కువే గానీ చిప్పులకు అది చాలు. కేబుల్ గుచ్చేటప్పుడు మామూలుగా రేకు ముందు తగిలి ఆ వోల్టేజీని దించేస్తుంది. వదులైన పోర్టులో కొన్నిసార్లు పిన్నే ముందు తగులుతుంది. అందుకే రెండు వైపులా ప్లగ్గులు పీకి, హెచ్‌డీఎంఐ పెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి.

ఇక పోర్టు దొరకడం. హెచ్‌డీఎంఐ పోర్టు అంటే అన్నీ ఒకటే అనుకుంటే పొరపాటు. పైన కూర్చునేవి, బోర్డు గాటులో సగం దిగేవి, నిలువుగా నిలబడేవి ఉంటాయి. కాళ్ల దూరాలు కూడా వేర్వేరు. కన్సోల్ పోర్టు టీవీ బాక్సుకు కుదరదు. ఇక్కడ లేని రకమైతే హైదరాబాద్ కోఠి నుంచి తెప్పిస్తామంటారు, రెండు రోజులు ఆగడం మేలు. ఆగలేక స్క్రాప్ బోర్డు నుంచి తీసిన పోర్టు వేస్తామంటే ఒప్పుకోకండి. దాని స్ప్రింగులు అప్పటికే వదులై ఉంటాయి, పైగా రెండుసార్లు వేడి తిన్న ప్లాస్టిక్.

రాస్ప్‌బెర్రీ పై 4, 5 బోర్డుల సంగతి వేరు. వాటిలో ఉన్నది మైక్రో హెచ్‌డీఎంఐ. అవే 19 పిన్నులు, దూరం మాత్రం 0.4 మిల్లీమీటర్లు, పిన్నుల వరుస అంకెలు కూడా వేరు. పెద్ద పోర్టు పటం చూసి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. అన్ని కౌంటర్లూ ఈ పని పట్టలేవు, మైక్రోస్కోప్ ఉన్నచోటే ఇవ్వండి. అసలు ఇవ్వాల్సిన అవసరం ఉందా చూడండి: ఆ బోర్డుకు రెండు పోర్టులుంటాయి, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుందేమో పెట్టి చూడాలి. ప్రాజెక్టుకు తెరే అక్కర్లేకపోతే నెట్‌వర్క్ గుండా లాగిన్ అయి పని కానిచ్చేయొచ్చు.

పని అయ్యాక పరీక్షలోనూ మనవాళ్లు తొందరపడతారు. బొమ్మ రాగానే "అయిపోయింది" అంటారు. కౌంటర్ మీది చిన్న మానిటర్ 1080పీ (ఫుల్ హెచ్‌డీ) దాటదు. అక్కడ ఒక్కో బొమ్మ జత మీద సెకనుకు సుమారు 1.5 గిగాబిట్లు పోతే, 4కే 60లో (4కే బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు) దాదాపు 6 గిగాబిట్లు పోవాలి. ప్యాడ్ లేచిపోయి, తెగిన దారిని కలపడానికి సన్న జంపర్ వైరు వేసిన చోట 1080పీ గలగలా నడుస్తుంది, ఇంట్లో పెద్ద టీవీకి పెడితే ఐదు నిమిషాలకోసారి తెర ఆరుతుంది. జంపర్ వేశారా అని అడగండి. వేసి ఉంటే, జతలోని రెండు వైర్లూ ఒకే పొడవుతో, వీలైనంత పొట్టిగా ఉండాలి. ఇంటికి పోగానే బాక్సు సెట్టింగులో పెద్ద రిజల్యూషన్ పెట్టి అరగంట నడపండి, సౌండు కూడా చూసుకోండి.

చార్జీ విషయంలో గీచి గీచి బేరమాడాల్సింది పోర్టుకు కాదు, అది పదుల రూపాయల సామాను. మాట్లాడుకోవాల్సింది పోర్టు మార్చినా బొమ్మ రాకపోతే ఎంత తీసుకుంటారన్నది. డయోడ్ మోడ్‌లో కొలిచి చూపించి, ఇది పోర్టే అని చెప్పే కౌంటర్‌కు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. కొత్త బాక్సు ధరలో మూడో వంతు దాటిందంటే రిపేరు మాట వదిలెయ్యడమే. కేబుల్, డిష్ సెట్ టాప్ బాక్సులైతే అసలు విప్పించకండి. అవి ఆపరేటర్ సొత్తే కావచ్చు, ముందు ఫోను చేసి మార్చి ఇస్తారేమో అడగండి. సీలు తెగితే ఆ దారీ పోతుంది.