జెజు హెన్యోలు: మ్యూజియమా, సముద్రపు ఒడ్డా?

ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గుల్లలు, నాచు ఏరుకొచ్చే ఆడవాళ్లు హెన్యోలు. కొరియాలోని జెజు దీవిలో ఒక్క పూటే ఉంటే వాళ్ల గురించి ఎక్కడ తెలుసుకోవాలి? హాదోరి అనే ఊళ్లోని హెన్యో మ్యూజియంలోనా, సొంగ్‌సాన్ శిఖరం కింద ఒడ్డున జరిగే ప్రదర్శనలోనా?

ఖర్చు: రెండు చోట్లా పెద్ద భారం కాదు.

శ్రమ: ఒడ్డుకు చాలా మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులుంటే కష్టం.

రిస్క్: అలలు పెరిగితే ప్రదర్శన ఉండదు. మ్యూజియంకి సోమవారం సెలవు.

దక్కేది: పైకి తేలగానే వాళ్లు వదిలే ఈల లాంటి ఊపిరి ఒడ్డునే వినాలి, ఏ రికార్డింగూ దానికి సాటిరాదు. కానీ అక్కడ కనిపించేది కాసేపటి ప్రదర్శనే. రబ్బరు సూట్లు రాకముందు చలినీళ్లలో వేసుకున్న పలచని నూలు బట్టలు, వణుకుతూ చలి కాచుకున్న రాతి గోడల చోటు, 1932లో జపాన్ వలస పాలకుల దోపిడీపై వాళ్లు చేసిన పోరాటం మ్యూజియంలోనే తెలుస్తాయి. హెన్యోల సంస్కృతికి 2016లో యునెస్కో గుర్తింపు ఎందుకొచ్చిందో అక్కడే అర్థమవుతుంది.

పిల్లలు వెంట ఉండి, సముద్రం ప్రశాంతంగా ఉంటే ఒడ్డుకే వెళ్లండి. వానైనా, పెద్దవాళ్లున్నా, చరిత్ర మీద ఆసక్తి ఉన్నా హాదోరికి. నన్నడిగితే హాదోరికే.