రెండోసారి చూశాక

విదేశీ సినిమాలను ఇంట్లో టీవీలో సబ్‌టైటిళ్లతో చూడడం నాకు మూడేళ్లుగా అలవాటు. మొదటిసారి సగం చూపు తెర అడుగునే ఉండిపోతుంది. అందుకే నచ్చిన సినిమాను కొన్ని నెలలు ఆగి మళ్లీ చూస్తాను. కథ తెలిసిపోయింది కాబట్టి అక్షరాల వెంట పరుగెత్తే పని ఉండదు, చెవులు తెరుచుకుంటాయి. అలా రెండోసారి చూసినవాటిలో కొన్ని ఇంకా పెరిగాయి, కొన్ని తరిగాయి.

అన్నిటికన్నా పెరిగింది 2023లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్'. మంచు కొండల్లో ఒక ఇల్లు. పైనుంచి పడి భర్త చనిపోతాడు. జారిపడ్డాడా, దూకాడా, భార్యే తోసిందా? మొదటిసారి నేనూ జడ్జిలాగా ఆధారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రెండోసారి వినిపించినవి భాషలు. ఆమె జర్మన్, అతడు ఫ్రెంచివాడు, ఇంట్లో మాట్లాడుకునేది ఇద్దరిదీ కాని ఇంగ్లీషు. కోర్టులో మాత్రం ఆమె తనను తాను ఫ్రెంచిలో కాపాడుకోవాలి. కొంతదూరం వెళ్లి, ఇక మాటలు చాలక ఇంగ్లీషులోకి మారుతుంది. పరాయి భాషలో నిజం చెప్పినా అబద్ధంలా వినబడుతుందన్న భయం ఆ గొంతులో ఉంది. సబ్‌టైటిళ్లు ఇవన్నీ ఒకే రకం తెల్ల అక్షరాల్లో పోసేస్తాయి కాబట్టి మొదటిసారి నేను ఆ మార్పును గమనించనే లేదు. దీన్ని డబ్బింగ్‌లో చూడవద్దని నా మనవి.

భార్యాభర్తల పోట్లాట రికార్డింగును కోర్టులో వినిపించే ఘట్టం ఒకటుంది. కాసేపు ఆ పోట్లాటను కళ్ల ముందే చూపిస్తారు. చేయి చేసుకునే దాకా రాగానే మనల్ని మళ్లీ కోర్టు గదిలోకి తెచ్చి కూర్చోబెడతారు. ఇక మిగిలేది చప్పుళ్లే. ఎవరు ఎవరిని కొట్టారో చెవులతోనే తేల్చుకోవాలి. దర్శకురాలు జస్టిన్ ట్రియే కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచింది ఇందుకే కాబోలు అనుకున్నాను.

ఇందులో భార్యగా నటించిన సాండ్రా హ్యూలరే అదే ఏడాది వచ్చిన 'ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్'లో నాజీల ఆష్విట్జ్ మారణ శిబిరం అధికారి హోస్ భార్య. వాళ్ల ఇల్లు శిబిరం గోడ పక్కనే. గోడకు ఇవతల పూలతోట, పిల్లల ఈతకొలను. అవతల జరిగే చంపడాన్ని కెమెరా ఒక్కసారీ చూపించదు. కాల్పులు, కుక్కల అరుపులు, ఎడతెగని యంత్రాల హోరు మాత్రం ఇంట్లోకి వస్తూనే ఉంటాయి. మొదట టీవీ స్పీకర్లలో విని, ఏమీ జరగడం లేదేమిటని విసుక్కున్నాను. తప్పు నాదే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే, ఆమె అద్దం ముందు ఎవరిదో బొచ్చుకోటు వేసుకుని చూసుకునే చోట సినిమా ఆపేసి, లేచి నీళ్లు తాగి వచ్చాను. శబ్దానికి ఆస్కార్ ఇచ్చారు, న్యాయమే. మూడోసారి చూసే ధైర్యం లేదు.

జపాన్ సినిమా 'గాడ్జిల్లా మైనస్ వన్' రెండోసారికి తరిగింది. ముప్పై అయిదు మంది కళాకారులు 610 గ్రాఫిక్స్ షాట్లు చేసి, దానికి ఆస్కార్ తెచ్చుకోవడం చిన్న సంగతి కాదు. ఆత్మాహుతి దాడికి వెళ్లకుండా యంత్రం చెడిందని అబద్ధమాడి దిగిపోయిన పైలట్ కథ అని తెలిసినప్పుడు, రాక్షసుడి సినిమాకు ఇంత బరువైన నాయకుడా అని ఆశ్చర్యపోయాను. రెండోసారి మాత్రం ఏడుపులు కాస్త ఎక్కువనిపించాయి. సముద్రంలో పడవను తరిమే దృశ్యం కోసం మళ్లీ చూడవచ్చు. ఫోనులో మాత్రం వద్దు, అరచేతిలో గాడ్జిల్లా బల్లిలా ఉంటుంది.

భయానక చిత్రం 'ది సబ్‌స్టెన్స్' సంగతి ఒక్క మాటలో: చివరి అరగంట కత్తిరిస్తే బాగుండేది.

'పర్ఫెక్ట్ డేస్' విషయంలో నాలో నాకే తగవు. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రం చేసే హిరయామాగా కోజి యకుషో దాదాపు మాటలు లేకుండానే బతికాడు. రోజూ మధ్యాహ్నం చెట్ల ఆకుల్లోంచి పడే వెలుతురును ఫొటో తీసుకుంటాడు. మొదటిసారి చూసిన మర్నాడు నేనూ బాల్కనీలో టీ పట్టుకుని నిలబడ్డాను! కానీ టోక్యోలోని షిబుయాలో పేరున్న వాస్తుశిల్పులు కట్టిన ఆ టాయిలెట్ల ప్రాజెక్టు నుంచే ఈ సినిమా పుట్టిందని తర్వాత చదివాను. మళ్లీ చూస్తే, అతను తుడిచే గదులు తుడవకముందే మెరుస్తున్నాయి. మన బస్టాండులో ఒక్క పూట ఆ పని చేసినవారు ఈ ప్రశాంతతను నమ్ముతారా? అయినా ఆఖరున వ్యాను నడుపుతూ అతని ముఖంలో నవ్వూ ఏడుపూ కలిసిపోయే ఆ ఒక్క షాట్ ముందు నా వాదన నిలబడలేదు.

మా అమ్మకు సబ్‌టైటిళ్లు అందవు. పక్కన కూర్చుని నేనే చదివి చెప్పాలి, సినిమా సగం నా గొంతులోనే నడుస్తుంది. నన్ను నోరు మూసుకుని కూర్చోనిచ్చింది లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన యానిమేషన్ సినిమా 'ఫ్లో' (2024) ఒక్కటే. వరద, పడవ, అందులో పిల్లి, కుక్క, కోతిలాంటి లెమూరు, ఎలుకజాతికి చెందిన పెద్ద జంతువు క్యాపిబారా, ఒక పెద్ద పక్షి. మనుషులు లేరు, మాటలు లేవు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీశారు. అమ్మ అడిగినదల్లా "పిల్లి బతుకుతుందా?" అని. రెండోసారి చూస్తున్నప్పుడు, ఆ క్యాపిబారా గొంతు నిజానికి ఒంటెపిల్లదని చెప్పాను.

"మరి పిల్లిది?"

"పిల్లిదే."

"తెలుస్తూనే ఉంది" అని మళ్లీ తెర వైపు తిరిగింది.