స్క్వామస్, అడినో, స్మాల్ సెల్: మూత్రాశయ క్యాన్సర్‌లో ఏది కొంత మేలు?

"మామూలు రకం కాదట, స్క్వామస్ అని రాసిండ్రు. స్మాల్ సెల్ కంటే నయమేనా?" నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు నుంచి ఎవరు ముక్క పరీక్ష రిపోర్టు పంపినా చివరికి అడిగేది ఇదే. ఈ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం యూరోథీలియల్ రకమే (మూత్ర సంచి లోపలి పొరలో పుట్టేది) కాబట్టి, మిగతావాటి గురించి విడమరిచి చెప్పేవాళ్లు దొరకరు.

నేనైతే రకం పేరు కంటే ముందు ఒక్క లైను వెతుకుతాను: గడ్డ కండరంలోకి దిగిందా, లేదా? ఏ రకమైనా, కండరంలోకి దిగనిదానికీ దిగినదానికీ మధ్య ఉన్న తేడా, రెండు రకాల పేర్ల మధ్య ఉన్న తేడా కంటే చాలా పెద్దది. కొన్ని రిపోర్టుల్లో "డిట్రూసర్ మజిల్ నాట్ సీన్" అని ఉంటుంది. కండరానికి పాకలేదని సంబరపడతారు. కానీ దానర్థం, తీసిన ముక్కల్లో అసలు కండరమే రాలేదని. అలాంటప్పుడు 2 నుంచి 6 వారాల్లోపు మళ్లీ దుర్బిణీతో లోతుగా ముక్క తీయాలా అని డాక్టర్‌ను తప్పక అడగండి.

ఇక రకాలు. అన్నిట్లో మొండిది స్మాల్ సెల్. బయటపడేసరికే దూరం పాకి ఉండటం ఎక్కువ. అయితే సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ కీమోకు మొదట్లో బాగా లొంగుతుంది. అందుకే స్కాన్‌లో సంచికే పరిమితమని కనిపించినా ముందు కీమో, ఆ తర్వాతే ఆపరేషనో కరెంటో (రేడియేషన్). "ముందు కోసి తీసేయండి సారూ" అని పట్టుబట్టకండి.

స్క్వామస్ (పొలుసు కణాల రకం) తీరు వేరు. ఏళ్ల తరబడి యూరిన్ పైపు ఉన్నవాళ్లలో, రాళ్లూ ఇన్ఫెక్షన్లూ వదలనివాళ్లలో ఎక్కువ. ఇది దూరం పోవడం కంటే కటి భాగంలోనే మళ్లీ లేస్తుంది. కీమోకు అంతగా లొంగదు, ఆపరేషనే ప్రధానం. పంట చేతికొచ్చాక చేయిద్దామని వాయిదా వేస్తే నష్టం ఇందులోనే ఎక్కువ.

అడినో అంటే గ్రంథి కణాల రకం, అందులో యురాకల్ అని ఒకటుంది. బొడ్డుకూ సంచికీ మధ్య పుట్టుకకు ముందటి నాళం మిగిలినచోట, సంచి పైభాగంలో వస్తుంది. మూత్రంలో జిగురు పడొచ్చు. సంచి దాటకముందే దొరికితే, మొత్తం తీయకుండా ఆ భాగం, నాళం, బొడ్డు తీస్తే సరిపోవచ్చు. ఈ వరుసలో నాకు కాస్త ధైర్యమిచ్చేది ఇదే. మామూలు అడినో అయితే పేగు నుంచి వచ్చిందేమో ముందు చూడాలి.

మైక్రోపాపిల్లరీ, ప్లాస్మసైటాయిడ్, సార్కొమటాయిడ్ యూరోథీలియల్‌లోనే మొండి రూపాలు.

మర్రిగూడ వైపు వాళ్లు ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా అని అడుగుతారు. ఫ్లోరైడ్ దెబ్బ ఎముకలకూ పళ్లకూ. మూత్రాశయ క్యాన్సర్‌కు తెలిసిన పెద్ద కారణం బీడీ, సిగరెట్.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో పోయేటప్పుడు స్కాన్ సీడీతో పాటు స్లైడ్లూ, తీసిన ముక్కను దాచిన మైనపు బ్లాకులూ అడిగి తీసుకెళ్లండి. అరుదైన రకాల్లో రెండో పాథాలజిస్టు చూశాక పేరే మారడం కొత్తేమీ కాదు, పేరు మారితే మందూ మారుతుంది.